వారంలో మానేవి

పెరంబూరు స్టేషన్ వెనక సందులో మా స్టూడియో.
రైళ్లకీ మాకూ మధ్య ఒక్క గోడ.
ఎక్స్‌ప్రెస్ పోయిన ప్రతిసారీ
గొడుగు లైటు వణుకుతుంది,
బల్ల మీది పిల్ల అటే తల తిప్పేస్తుంది.
మళ్లీ మొదటికి.

యాళినికి ఏడో నెల. ఇంకా నిలకడగా కూచోలేదు.
వాళ్లమ్మ భువనేశ్వరి
మెరూన్ వెల్వెట్ గుడ్డ కింద దూరి
రెండు చేతులా నడుము పట్టుకుంది,
మే నెలలో, గాలాడని గదిలో.
"నేను కనపడకూడదక్కా," గుడ్డలోంచే చెప్పింది.
బుజ్జీ అని నేను పిలిచాను.
కుట్టీ, ఇంగ పారు, అన్నాడు వాళ్ల నాన్న.
హలో బేబీ అన్నాడు మా కుర్రాడు షకీల్.
దానికి ఏ భాషా పట్టలేదు.
షట్టరు తాళాల గుత్తి ఆడించాను.
అప్పుడు చూసింది,
ఆస్తి కాగితాలు చదివే పెద్దమనిషిలా
నొసలు చిట్లించి.
ఎనభై తీస్తే అదొక్కటే పనికొచ్చింది.

రాత్రి తొమ్మిదింటికి షట్టరు సగం దించి
ఆ ముఖాన్ని నాలుగొందల శాతానికి పెంచుతాను.
అంత దగ్గర్నుంచి అది ముఖం కాదు, పేట.
సందు సందూ తిరుగుతాను.
ముక్కు పక్కన తన గోరే గీసుకున్న గీత.
గడ్డం మీద ఆరిన చొంగ, ఉప్పు మరకలా.
చెవి తమ్మె దగ్గర కొత్తగా కుట్టిన ఎరుపు.
చెంప మీద వరసగా దోమకాట్లు,
ఓటేరి కాలువ దోమలవి,
ఈ చుట్టుపక్కల ఏ పిల్లని చూసినా పోల్చుకుంటాను.

నాకు పని నేర్పిన ధనకోటి గారు
నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవారు,
మొన సూదికన్నా సన్నగా చెక్కి.
ఒకటే చెప్పేవారు:
"వారంలో మానేదైతే తీసెయ్.
వారం దాటినా ఉండేదైతే
అది నీది కాదు, పిల్లది. ముట్టుకోకు."
స్కూలు గ్రూపు ఫోటోలకి ఈ సూత్రం లేదు,
తలకి రూపాయి కూడా ఇవ్వరు, అని నవ్వేవారు.

గీత పోయింది. చొంగ పోయింది. ఎరుపు పోయింది.
గుండ్రంగా ఏది కనిపించినా చెయ్యి ఆగదు,
ఒక నొక్కు, ఒక నొక్కు.
మెడ కింద తేనెరంగు పుట్టుమచ్చ మాత్రం ఉంచాను.
తీసెయ్యమని వాళ్ల నాన్న అడిగినప్పుడు
వినపడనట్టు రసీదు రాస్తూ కూచున్నాను.

వెల్వెట్ ముడతలోంచి పొడుచుకొచ్చిన
నాలుగు వేళ్లు మిగిలాయి.
ఉంగరపు వేలి మీద కాలిన మచ్చ,
దోసె పెనం అంచుదో ఏమో.
ఇవి ఏ లెక్కలోకి వస్తాయి?
ధనకోటి గారు చెప్పలేదు.
అడుగుదామంటే లేరు.
పక్కనున్న మెరూన్ రంగు తెచ్చి
ఒక్కో వేలి మీదా కప్పుకుంటూ పోయాను.
ఇప్పుడు పాప తనంతట తనే కూచుంది,
ఇంకో నెలకి గానీ రాని పని
నా బల్ల మీద ముందే వచ్చేసింది.
టీ చల్లారిపోయింది. అలాగే తాగాను.

పొద్దున భువనేశ్వరి వచ్చింది, చంకలో పాపతో.
తన వేళ్ల కోసం వెతకలేదు.
చెంప దగ్గర ఆగిపోయింది.
"దిష్టిచుక్క ఏదక్కా?"

చూశాను. లేదు.
దోమకాట్లతో పాటు దాన్నీ నొక్కేశాను.
తప్పని ఎలా అనను,
సాయంత్రం నీళ్లు పోస్తే పోయేదే కదా.
మరి పొద్దున్నే మళ్లీ వస్తుందే,
రోజూ పోయి రోజూ వచ్చేదాన్ని
ఏ ఖాతాలో రాయాలి?

ఫైలు తెరిచి పెట్టిస్తాను, రెండు నిమిషాలు,
అంటూ ఉండగానే
ఆమె ఉంగరపు వేలు తన కంటి కొసన రాసి,
ఆ కాలిన మచ్చ వేలే,
ఎనిమిది బై పది కాగితం మీద
ఎడమ చెంపకి ఒక్క చుక్క పెట్టింది.
అది ఇంకలేదు. పాప చెయ్యి తగిలి
గడ్డం దాకా పాకింది.

"గ్లాసీ మీద కాటుక నిలవదమ్మా.
ఉండు,
మ్యాట్ కాగితం మీద ఇంకొకటి తీసిస్తాను.
నువ్వే పెట్టుకుందువు గాని."